రాత్రి ఎలుగుబంటి, పగలు ఎడమ చెయ్యి: ఒక నేతగాడి అయిదేళ్ళ కేసు

2018 డిసెంబర్, తిత్లీ తుఫాను వెళ్ళి రెండు నెలలయింది. శ్రీకాకుళంలో మా ఓపీకి పొందూరు నుంచి ఒకావిడ వచ్చింది, ఎడమ కన్ను చుట్టూ కమిలిపోయి నల్లగా ఉంది, వెనకాల మొగుడు తల దించుకుని నిలబడ్డాడు. నాకు మామూలుగా ఎవరికైనా వచ్చే అనుమానమే వచ్చింది, అందుకే ఆయన్ని బయట కూచోబెట్టి ఆవిణ్ణి ఒక్కదాన్నే అడిగా. ఆవిడ నా మాట పూర్తవనివ్వలేదు. "అయ్యో అలగనకండి బాబూ, పగలు సీమక్కూడా అపకారం సెయ్యడు. నిద్దట్లోనే ఇదంతా. తెల్లారగట్ట మూడు దాటితే సాలు, కేకలు, కాళ్ళు ఇసిరేస్తాడు, గోడ గుద్దేస్తాడు. లేపితే ఎలుగొచ్చీసింది అంటాడు" అంది.

పేషెంటు ఆయనే అన్నమాట. 61 ఏళ్ళు, ఖద్దరు నేసే మనిషి, బీపీకి ఒక మాత్ర తప్ప ఇంకేం లేవు. (ఆయన, ఆయన కొడుకు ఒప్పుకున్నాకే రాస్తున్నా, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చేశా.) కుడి చేతి కణుపులు వాచి ఉన్నాయి, గోడని కొట్టుకున్న దెబ్బ. ఎలుగుబంటి ఎక్కణ్ణుంచొచ్చిందీ అంటే ఆవిడ పుట్టిల్లు ఉద్దానంలో, అక్కడ జీడితోటల్లోకి ఎలుగులు రావడం కొత్తేం కాదు, వయసులో ఉన్నప్పుడు ఈయన ఒకసారి దాన్ని చూసి పరిగెత్తాడట. తిత్లీకి అత్తారి కొబ్బరిచెట్లు మొత్తం పడిపోతే వారం రోజులు అక్కడే ఉండి దుంగలు కోయించాడు, తిరిగొచ్చాక ఈ గొడవ ఎక్కువైంది, కాబట్టి ఇంట్లో అందరూ "తుఫాను దడుపు" అని తేల్చేశారు. తాయెత్తు కూడా కట్టించారు, మెడలో కనిపిస్తూనే ఉంది.

ఇక్కడ నేను ఆ దడుపు మాట పట్టుకుని నిద్రమాత్ర రాసి పంపేసుంటే ఈ కేసు అక్కడితో అయిపోయేది. "అంతకుముందు ఎప్పుడూ లేదామ్మా?" అని ఊరికే అడిగా. మా జిల్లాలో పెద్దవాళ్ళకి సంవత్సరాలు గుర్తుండవు గానీ తుఫాన్లు గుర్తుంటాయి. "పైలిన్ కి ముందే ఉంది. పైలిన్ రోజు కరెంటు లేదు, అందరం ఒకే గదిలో పడుకున్నాం, ఆ రాత్రి ఈయన కేకలకి మా కోడలు జడిసిపోనాది" అంది. పైలిన్ అంటే 2013 అక్టోబర్. అంటే తిత్లీకి అయిదేళ్ళ ముందు నుంచీ ఉన్నదే. తుఫాను తెచ్చింది కాదు, మహా అయితే పెంచింది.

రాత్రి కేకలన్నీ ఒకటి కాదు. చిన్నపిల్లల్లో వచ్చే దడుపు, నిద్రలో నడక ఇవి పడుకున్న మొదటి రెండు మూడు గంటల్లో వస్తాయి, లేపినా సరిగ్గా తెలివి రాదు, పొద్దున్న అడిగితే ఏం గుర్తుండదు. మూర్ఛ అయితే ప్రతిసారీ ఒకే రకం కదలికలు, అచ్చు గుద్దినట్టు. గురక జబ్బులో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేవాళ్ళు కూడా చేతులూ కాళ్ళూ కొడతారు, బయటికి అంతా ఇలాగే కనిపిస్తుంది. ఈయనది మాత్రం తెల్లవారుజామున, పిలవగానే లేస్తాడు, లేవగానే కల మొత్తం చెప్తాడు, చేసిన పనీ కలలో కథా కలుస్తాయి, కలలో ఎలుగుని తన్నితే మంచం మీద పెళ్ళాన్ని తన్నాడు. డిప్రెషన్ మాత్రలు ఏమైనా వాడుతున్నాడా అని కూడా అడిగా, ఎందుకంటే వాటిల్లో కొన్నిటితో ఈ సమస్య బయటపడుతుంది. అవీ లేవు.

రెమ్ స్లీప్ బిహేవియర్ డిజార్డర్, పొట్టిగా ఆర్‌బీడీ అంటాం. కలలు గట్టిగా వచ్చే రెమ్ నిద్రలో మెదడు కండలకి తాళం వేసేస్తుంది, కలలో పరిగెత్తినా కాళ్ళు కదలకుండా. ఆ తాళం మెదడు కాండంలో పాన్స్ అనే చోట ఉంటుంది. 1965 లో ఫ్రాన్స్ లోని లియోన్ లో మిషెల్ జూవే అనే శాస్త్రవేత్త వాళ్ళు పిల్లుల్లో ఆ చోటు దెబ్బతీస్తే అవి నిద్రపోతూనే లేచి లేని ఎలుకని వేటాడినట్టు చేశాయి. మనుషుల్లో ఇదొక జబ్బు అని 1986 లో అమెరికాలోని మిన్నెసోటాలో షెంక్, మహోవాల్డ్ అనే డాక్టర్లు రాశారు. పదేళ్ళ తర్వాత అదే టీము ఇంకో మాట చెప్పింది, వాళ్ళు చూస్తూ వచ్చిన 29 మంది మగవాళ్ళలో 38 శాతం మందికి పార్కిన్సన్ జబ్బు లక్షణాలు (వణుకు, బిగుసు, కదలికల్లో నిదానం) వచ్చాయని. 2019 లో 24 సెంటర్లు కలిసి 1280 మందిని లెక్కేస్తే ఏడాదికి 6.3 శాతం చొప్పున, పన్నెండేళ్ళకి 73.5 శాతం మంది పార్కిన్సన్ కో దాని చుట్టాలైన జబ్బులకో వెళ్ళారు. అందుకే ఆర్‌బీడీ అనగానే నా చూపు చేతుల మీదకి, మొహం మీదకి పోతుంది.

స్లీప్ స్టడీకి వైజాగ్ పంపడానికి మూడు వారాలు బతిమాలాల్సొచ్చింది. తలకి వైర్లు పెట్టించుకుని పరాయి ఊళ్ళో పడుకోడం ఏంటని ఆయన గోల. 2019 జనవరిలో వెళ్ళాడు. ఊపిరి ఆగడాలు గంటకి నాలుగే, అంటే గురక జబ్బు కాదు. రెమ్ లో కండలు వదులవ్వాల్సింది పోయి గడ్డం దగ్గరా చేతుల దగ్గరా గీతలు ఎగిరిపడుతున్నాయి, వీడియోలో నాలుగింటికి రెండు చేతులూ పైకెత్తి ఏదో తోస్తున్నాడు. డయాగ్నసిస్ లో ఇంక సందేహం లేదు.

ఆ నెల్లోనే మోటార్ పరీక్ష, అంటే కదలికల పరీక్ష చేశా. పార్కిన్సన్ కి వాడే ఎండీఎస్ యూపీడీఆర్ఎస్ స్కేలు మూడో భాగంలో 132 కి 2 వచ్చింది (ఎంత ఎక్కువొస్తే అంత చెడ్డ), 61 ఏళ్ళ మనిషికి అది లెక్కలోకి రాదు. నడక బావుంది, వణుకు లేదు, బిగుసు లేదు. వాసన మాత్రం పోయింది, అది కూడా పార్కిన్సన్ ముందు గుర్తుల్లో ఒకటి. బయటి దేశాల కిట్ లో ఉండే వాసనలు మనవాళ్ళకి పుట్టాక ఎప్పుడూ తెలీనివి, అందుకే నేను ఇంగువ, కాఫీపొడి, కరివేపాకు, లవంగం డబ్బాల్లో పెట్టి చూపిస్తా, నాలుగింట్లో ఒకటే చెప్పాడు. ఆవిడ పక్కనుంచి "ఎండుసేపలు వేపినా ఈయనకి తెలీదు బాబూ, ఈధిలోవోళ్ళకి తెలుస్తాది" అంది. మలబద్ధకం పదేళ్ళుగా ఉంది, రాత్రి ఇసబ్గోల్ తాగుతాడు. ఈ మలబద్ధకం సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పెద్ద గొడవ చేసింది.

స్కేలు మీద 2 వస్తే చాలామంది "నార్మల్" అని రాసి ఊరుకుంటారు, నేను కూడా ఒకప్పుడు అంతే. మనసు మార్చుకున్నది 2012 లో కెనడాలోని మాంట్రియల్ డాక్టర్లు వేసిన పేపర్ చదివాక. ఆర్‌బీడీ వాళ్ళని ఏటేటా పరీక్షిస్తూ పోయి, పార్కిన్సనిజం (పార్కిన్సన్ లాంటి నిదానం, బిగుసు) తేలినవాళ్ళ పాత లెక్కలు వెనక్కి తిప్పి చూశారు. యూపీడీఆర్ఎస్ లో తేడా జబ్బు తేలడానికి నాలుగున్నరేళ్ళ ముందు మొదలైందట, నడిచొచ్చే టైము తేడా ఆరేళ్ళ ముందు, వేళ్ళతో టకటకా నొక్కే పరీక్షలో, పుల్లలు కన్నాల్లో పెట్టే పరీక్షలో ఎనిమిదేళ్ళ పైన. అన్నిటికంటే ముందు మొహం, గొంతు, పదేళ్ళ దగ్గర్లో. అంటే కంటికి కనిపించే నిదానం ఆఖర్లో వస్తుంది, గడియారానికి దొరికే నిదానం చాలా ముందు వస్తుంది.

ఆ పరీక్షలకి యంత్రాలు కొనక్కర్లేదు. మా వడ్రంగితో ఒక పలక చేయించా. జనాన్ని లెక్కపెట్టడానికి బొటనవేలితో నొక్కే టాలీ కౌంటర్లు ఉంటాయి చూడండి, అవి రెండు 20 సెంటీమీటర్ల దూరంలో బిగించాం. చూపుడు వేలితో ఒకటి, వెంటనే రెండోది, మళ్ళీ మొదటిది, అలా ఒక నిమిషం, తర్వాత రెండో చెయ్యి. ఇంకో పలకకి కన్నాలు వేయించి సైకిల్ చువ్వ ముక్కలు కోయించి పుల్లల పరీక్షకి పెట్టా. కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి తిరిగొచ్చి కూచునే పరీక్షకి నేల మీద రంగు టేపు. నా పలక లెక్కని పేపర్ లో లెక్కతో పోల్చకూడదు, కౌంటర్ స్ప్రింగు గట్టిదైతేనే పది తగ్గిపోతాయి. ఆ మనిషి లెక్కని ఆ మనిషి పాత లెక్కతోనే పోల్చాలి. మొదటిసారి ఎప్పుడూ తక్కువొస్తుంది కాబట్టి ఒకసారి ఆడించి రెండోసారిది రాసుకుంటా, అది కూడా పదకొండు గంటల టైములోనే, రాత్రి వేసుకున్న మాత్ర మత్తు పొద్దున్నే ఉంటుంది కదా.

2019 జనవరిలో కుడి 182, ఎడమ 171. ఆయన కుడిచేతివాటం, ఆ తేడా పెద్దదేం కాదు.

ఇక చెప్పాలా వద్దా. ఆర్‌బీడీ అని తేలినవాళ్ళకి ముందు రాబోయేది చెప్పడం మీద డాక్టర్లలోనే రెండు పక్షాలున్నాయి, ఆపే మందు లేనప్పుడు చెప్పి ఏం లాభం అని ఒకళ్ళు, వాళ్ళ ఒళ్ళు వాళ్ళది అని ఒకళ్ళు. నేను "ముందు ముందు ఏమవుతుందో తెలుసుకోవాలనుందా, లేక ఇప్పటి సంగతి చాలా?" అని అడుగుతా, జవాబు బట్టి పోతా. కొడుకు నాకు సైగ చేస్తున్నాడు వద్దని. ఆయన మాత్రం కాసేపు ఆగి "సెప్పండి బాబూ, పోగు తెగుతాదని ముందు తెలిస్తే సెయ్యి అక్కడే ఉంచుతాం కదా" అన్నాడు. చెప్పా. అందరికీ రాదు, ఎప్పుడొస్తుందో చెప్పలేం, ఆరు నెలలకోసారి రండి, రోజూ గట్టిగా నడవండి అని. ఆయన అడిగింది ఒకటే, "ఎన్నేళ్ళు నేస్తాను?" దానికి నా దగ్గర జవాబు లేదు.

మందు సంగతి తొందరగా చెప్పేస్తా. మెలటోనిన్ 3 మిల్లీగ్రాములతో మొదలెట్టి 6 కి వెళ్ళాం, సగం తగ్గింది. తర్వాత క్లోనజెపామ్ 0.25 కలిపాం, తన్నుడు నెలకి రెండు మూడు సార్లకి వచ్చింది. ఇవి దెబ్బలు తగలకుండా కాపాడతాయి అంతే, లోపల జబ్బు నడకని ఆపవు, ఆ ముక్క కొడుక్కి రెండుసార్లు చెప్పాల్సొచ్చింది. మందుకంటే ముఖ్యం గది. వాళ్ళది ఒక్క గది, ఒక పక్క మగ్గం, ఒక పక్క మంచం, మంచం కింద కత్తిపీట! ఆ మాట విని నాకు ఒళ్ళు జలదరించింది. కత్తిపీట వంటింట్లోకి, మంచం తీసేసి పరుపు నేల మీద, గోడ పక్కన బొంత, ఆవిడ పడక వేరు. లేపాల్సొస్తే మీద చెయ్యి వెయ్యొద్దు, దూరం నుంచి పేరు పెట్టి పిలవండి అన్నా. ఆవిడ నవ్వింది, నలభయ్యేళ్ళ కాపురంలో మొగుణ్ణి పేరు పెట్టి ఎప్పుడు పిలిచింది గనక. మనవడి పేరుతో పిలవమన్నా, అది పనిచేసింది.

2020 లో నేను తప్పు చేశా. లాక్‌డౌన్ లో ఫోన్ లోనే మాట్లాడుకున్నాం, ఆయన గొంతు లోతులోంచి వస్తున్నట్టుంటే సిగ్నల్ బాలేదు అనుకుని "గట్టిగా మాట్లాడండి" అన్నా. నవంబర్ లో వచ్చాడు, ఇద్దరికీ మాస్కులు. కుడి 176, ఎడమ 158, స్కోరు 3. ఎడమ చెయ్యి 13 తగ్గింది, ఏడాదిన్నర పైన ప్రాక్టీసు లేదులే అని సరిపెట్టుకున్నా. మొహమూ గొంతూ అన్నిటికంటే ముందు మారతాయని నేనే అందరికీ చెప్తా, ఆ రెండూ నా ఎదురుగా ఉండి ఒకటి మాస్కు వెనకాల, ఒకటి ఫోన్ వెనకాల దాక్కున్నాయి.

దొరికింది 2021 జూలైలో. కొడుకు ఫోన్ లో ఇంట్లో ఏదో ఫంక్షన్ వీడియో చూపిస్తూ "నాన్న ఫొటోల్లో కోపంగా ఉంటన్నాడు సార్, అందరూ అడుగుతన్నారు" అన్నాడు. 2016 లో అతని పెళ్ళి వీడియో కూడా ఉంటే పెట్టమన్నా. పెళ్ళిలో ఆయన మొహం నిమిషానికి ఇరవై రకాలుగా మారుతోంది, వియ్యంకుడితో ఏదో అంటూ కనుబొమ్మలెగరేస్తున్నాడు. కొత్త వీడియోలో నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది. రెప్పపాట్లు లెక్కపెట్టా, పెళ్ళిలో నిమిషానికి 18, ఇప్పుడు 7. కోపం కాదు, మొహం కండలు నిదానించాయి. ఇది చుట్టాలకి ఎలా తెలుస్తుందంటే "ముభావంగా ఉంటున్నాడు, ఇదివరకటిలా లేడు" అని, దాన్ని వయసు మీదకి తోసేస్తారు. పాత వీడియో అడగడం నేను అప్పట్నుంచి అలవాటు చేసుకున్నా, ఈ రోజుల్లో పెళ్ళి వీడియో లేని ఇల్లు లేదు.

ఆ రోజు పలక మీద కుడి 174, ఎడమ 151. ఈసారి పదిహేను సెకన్లకోసారి కౌంటర్ అంకె విడిగా రాయించా. కుడి చెయ్యి 45, 44, 43, 42. ఎడమ 44, 40, 35, 32. చూశారుగా, మొదటి పదిహేను సెకన్లలో రెండు చేతులూ ఒకటే! యూపీడీఆర్ఎస్ లో వేళ్ళు పదిసార్లు టకటకలాడించి చూస్తాం, పదిసార్లకి ఈయన ఎడమ చెయ్యి శుభ్రంగా పాసైపోతుంది, తేడా పదిహేనో సెకను దాటాకే బయటపడుతోంది. నిదానం కాదు సమస్య, అలిసిపోవడం, పోను పోను తగ్గిపోవడం. స్కోరు మాత్రం 5, పార్కిన్సన్ వచ్చే ముందు దశని లెక్కేసే రీసెర్చ్ పద్ధతిలో 6 దాటితేనే పట్టించుకుంటారు.

నెల తర్వాత ఒక ఆదివారం పొందూరు వాళ్ళింటికి వెళ్ళా, నిజానికి మగ్గం మీద ఆయన్ని చూడాలని. ఆవిడ గడప దగ్గర కూచుని వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతోంది, ఆ చేప పళ్ళ దువ్వెనతోనే అక్కడ అంత సన్నని నూలు వస్తుంది. ఆయన గుంట మగ్గంలో కాళ్ళు పెట్టి కూచుని, పోగుని మోసే నాడె ఇటు విసిరి అటు అందుకుని, అటు విసిరి ఇటు అందుకుని. నేను పలక మీద చేయించే పరీక్ష ఆయన నలభయ్యేళ్ళుగా రోజుకి ఎనిమిది గంటలు చేస్తున్నాడు అనిపించింది. కుడి నుంచి వచ్చిన నాడెని ఎడమ చెయ్యి అందుకోవడంలో కాస్త జాగు. ఆవిడ పని ఆపకుండానే అంది, "సప్పుడు మారిపోనాది బాబూ. ఇదివరకు టక్ టక్ అని సమంగా ఇనిపించేది, ఇప్పుడు కుంటుతంది. రెండేళ్ళయింది." రెండేళ్ళు! అంటే 2019 నుంచి. నా పలక చెప్పేలోపే ఆవిడ చెవి పట్టేసింది. తెగిన పోగు అతకడానికి ఎడమ వేళ్ళు సహకరించట్లేదని, అతుకు కుడి చేత్తోనే వేసేస్తున్నాడని కూడా ఆవిడే చెప్పింది. బట్ట చూపించాడు, ఎడమ అంచు కాస్త వదులు. ఇది ఏ స్కేల్లోనూ లేదు, కానీ నాకు ఆ వదులు అంచు ఏ స్కోరుకీ తక్కువ కాదు. మీ పేషెంటు దర్జీ అయితే కాజాలు, తప్పెటగుళ్ళు కొట్టేవాడైతే దరువు, మాస్టారైతే చేతిరాత, అది అడగండి.

2022 మార్చిలో ఆయన్ని చూసి ఉలిక్కిపడ్డా. ఎనిమిది నెలల్లో మనిషి కూలిపోయాడు. కుడి 139, ఎడమ 112, స్కోరు 15, రెండు వైపులా బిగుసు, అడుగులు చిన్నవి, పెదాల దగ్గర సన్నని వణుకు. పార్కిన్సన్ వచ్చేసింది అనుకుని దానికిచ్చే మందు లెవోడోపా రాయడానికి పెన్ను కూడా తీశా. కానీ ఏదో తేడా కొట్టింది. ఇన్నాళ్ళూ ఎడమ చెయ్యే జారుతోంది, ఇప్పుడు ఒకేసారి కుడి కూడా 35 పడిపోయింది, ఈ జబ్బు ఇంత తొందరగా, ఇంత సమానంగా నడవదు. "కొత్త మందు ఏమైనా?" అంటే "ఏం లేదు బాబూ" అన్నాడు. "గ్యాస్ కి గానీ, కళ్ళు తిరగడానికి గానీ?" అంటే ఆవిడ సంచిలోంచి స్ట్రిప్పు తీసింది. "ఇది మందు కాదు కదా, గ్యాస్ మాత్ర." ఊళ్ళో ఎవరో రాసిచ్చారు, నాలుగు నెలలుగా పరగడుపున రోజుకొకటి. వెనక్కి తిప్పితే రాబెప్రజోల్, దాంతోపాటు లెవోసల్పిరైడ్ 75 మిల్లీగ్రాములు.

లెవోసల్పిరైడ్ మెదడులో కదలికలకి కావలసిన డోపమిన్ అనే రసాయనానికి అడ్డం పడే మందు, అచ్చం పార్కిన్సన్ లాంటి రూపం తెప్పిస్తుంది. మెటోక్లోప్రమైడ్, కళ్ళు తిరగడానికిచ్చే సిన్నరిజిన్, తలనొప్పికిచ్చే ఫ్లునరిజిన్ కూడా ఆ గుంపే. గ్యాస్ క్యాప్సూల్ లో కలిపి వస్తుంది కాబట్టి జనానికి అది మందని కూడా తెలీదు. చూడండి చక్రం ఎలా తిరిగిందో: మలబద్ధకం, కడుపుబ్బరం ఈ జబ్బు మొదటి గుర్తుల్లోవి, ఆ ఉబ్బరానికే క్యాప్సూల్ ఇచ్చారు, అప్పటికే డోపమిన్ అరకొరగా ఉన్న మెదడుకి ఆ క్యాప్సూల్ మిగిలినదాన్ని కూడా మూసేసింది. మా ఓపీలో మెల్లిగా నడుస్తూ వచ్చే ప్రతి పెద్దమనిషినీ నేను ముందు అడిగేది ఇదే ఇప్పుడు, "గ్యాస్ మాత్ర సంచిలో ఉందా, తియ్యండి."

ఆపేశాం, లెవోడోపా ఇవ్వలేదు, ఓపిక పట్టమన్నా. కొడుక్కి నా మీద నమ్మకం సడలింది, వైజాగ్ తీసుకెళ్తానన్నాడు, తీసుకెళ్ళు గానీ ఆ క్యాప్సూల్ మాత్రం మళ్ళీ వద్దన్నా. అయిదు నెలలకి, ఆగస్టులో, కుడి 168 కి వచ్చింది, ఇంచుమించు పాత చోటికి. ఎడమ 138 దగ్గర ఆగిపోయింది, స్కోరు 8. పెదాల వణుకు పోయింది. ఉత్త మందు వల్ల వచ్చినదైతే వారాల్లోనో నెలల్లోనో పూర్తిగా సర్దుకోవాలి, ఇక్కడ ఒక పక్క సర్దుకుని ఇంకో పక్క మిగిలిపోయింది. హైదరాబాద్ లో ట్రోడాట్ స్పెక్ట్ అనే స్కాన్ చేయించాం, డోపమిన్ పంపే నరాల కొసలు ఎన్ని మిగిలాయో అందులో కనిపిస్తుంది. లెవోసల్పిరైడ్ లాంటి మందులు అందుకునే చోట అడ్డుపడతాయి గానీ డోపమిన్ పంపే నరాల కొసల్ని ముట్టుకోవు, అందుకని వాటి వల్లే అయితే స్కాన్ బాగానే రావాలి. మెదడులో కుడి వైపు పుటామెన్ అనే చోట తగ్గింది, ఎడమ చేతిని నడిపేది అదే. వదులు అంచుకి కారణం ఫిల్ము మీద కనిపించింది.

2023 జూన్ లో ఎడమ 127. 2024 ఫిబ్రవరిలో కుడి 155, ఎడమ 109, స్కోరు 17, ఎడమ మణికట్టులో స్పష్టంగా బిగుసు, ఈసారి వేళ్ళు పదిసార్లు ఆడించేలోపే ఊపు చిన్నదైపోతోంది. నిదానం, దాంతో బిగుసు, రెండూ ఉంటే పార్కిన్సనిజం అనొచ్చు, మిగతా కథతో కలిపి పార్కిన్సన్ జబ్బు అని రాశా. స్లీప్ స్టడీకి అయిదేళ్ళకి, ఆవిడ పైలిన్ లెక్కన చూస్తే పదేళ్ళు దాటాక. కుర్చీలోంచి లేచి నడిచొచ్చే టైము 2019 లో ఎనిమిదిన్నర సెకన్లు, ఇప్పుడు పదిన్నర, తిరిగేటప్పుడు ఎడమ చెయ్యి ఊగట్లేదు.

లెవోడోపా కార్బిడోపా 100/25 అర మాత్ర మూడు పూటలతో మొదలెట్టి ఒక్కొక్కటికి వెళ్ళాం, తిండికి ముందు వేసుకోవాలని, పప్పూ చేపలూ తినేసి వేసుకుంటే సరిగ్గా ఎక్కదని చెప్పా. మే నెలలో కుడి 166, ఎడమ 134. అంకెలకంటే ముందు ఆవిడ ఫోన్ చేసింది, "సప్పుడు సమానమైంది" అని. ఇప్పుడు రోజుకి మూడు గంటలు నేస్తున్నాడు, సన్న నూలు మానేసి కాస్త లావు నూలు. ఫిజియో వాళ్ళు గొంతుకి కూడా కసరత్తు ఇచ్చారు, గట్టిగా లెక్కపెట్టడం, అది ఆయన చెయ్యట్లేదు, ఈధిలోవోళ్ళు నవ్వుతారట.

పోయినసారి వచ్చినప్పుడు పడుకుని బీపీ 138, లేచి మూడు నిమిషాలు నిలబడ్డాక 116. అది నాకు నచ్చలేదు. లెవోడోపా వల్ల కావచ్చు, జబ్బు వల్ల కావచ్చు, పార్కిన్సన్ కాకుండా దాని చుట్టం ఎంఎస్ఏ (మల్టిపుల్ సిస్టమ్ ఆట్రఫీ, బీపీనీ మూత్రాన్నీ గట్టిగా దెబ్బతీసే జబ్బు) అయితే అనే ఆలోచన కూడా పక్కన పెట్టలేదు. బీపీ మాత్ర సగం చేశా, నీళ్ళు ఎక్కువ తాగమన్నా, రెండు నెలలకే రమ్మన్నా, మూత్రం సంగతి విడిగా అడగాలని ఫైల్ మీద రాసుకున్నా.

రాత్రుల గురించి అడిగితే ఈసారి ఆయనే చెప్పాడు, "ఎలుగు వస్తంది గానీ బాబూ, మునుపట్లా మీదికి రాటంలేదు, తోట అవతల నిలబడి సూస్తంది." ఆవిడ మళ్ళీ అదే గదిలో పడుకుంటా, మంచం వేసుకుంటా అంటోంది. మంచం వద్దన్నా. కత్తిపీట కూడా వంటింట్లోనే ఉండాలన్నా.